బెల్లం మాడిన వాసన

మా అమ్మ తాళంచెవుల గుత్తిని అక్క మీదికి విసిరిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. కోపంతో విసరలేదు. ప్రేమతోనే విసిరింది. అదే నన్ను ఎక్కువ మండించింది. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అది ముక్కు మీదికి ఎక్కింది ఆ రోజే.

అక్కకు మూర్ఛరోగం. మూర్ఛ వచ్చినవాళ్ళ చేతిలో ఇనుము పెడితే తగ్గుతుందని మా వైపు అందరి నమ్మకం. అందుకని అమ్మ బొడ్లో ఎప్పుడూ తాళంచెవుల గుత్తి ఉండేది. అక్క పడిపోగానే పరుగెత్తుకెళ్ళి దాన్ని ఆమె పిడికిట్లో కుక్కేది. కానీ ఆ రోజు అక్క 'బయట' ఉంది. బయట ఉండటం అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు విడమరిచి చెప్పాలి. నెలసరి వచ్చిన ఆడది మూడు రోజులు ఇంట్లోకి రాకూడదు, ఎవరినీ తాకకూడదు. మా ఇంట్లో అందుకోసం పెరట్లో, పశువుల కొట్టానికి ఆనుకుని ఒక చిన్న పాక ఉండేది. చాప, చెంబు, కంచం అన్నీ అక్కడే.

ఆ మధ్యాహ్నం అక్క పాక ముందు, కుడితి గోలెం పక్కన పడి కొట్టుకుంటోంది. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి, అక్కకు నాలుగడుగుల దూరంలో ఠక్కున ఆగిపోయింది. ముట్టుకుంటే మైల, ఇక వంటింట్లోకి పోరాదు. లోపల పొయ్యి మీద చెరుకు నరికే కూలీలకు అన్నం ఉడుకుతోంది. బొడ్లోంచి గుత్తి తీసి అక్క చేతి దగ్గర పడేలా విసిరింది. గురి తప్పి అది అక్క కనుబొమ్మకు తగిలింది. నెత్తురు వచ్చింది. "పట్టుకో బిడ్డా, పట్టుకో" అంటూ అమ్మ అక్కడే నిలబడి ఏడ్చింది. నాకప్పుడు పన్నెండు దాటాయి. నేనూ అమ్మ వెనకాలే ఆగిపోయాను. ఆ మాట దాచను.

ఇది పందొమ్మిది వందల ముప్పైల చివరి సంవత్సరాల సంగతి. బాన్సువాడలో మాకు వరి పొలం, చెరుకు తోట ఉండేవి. నిజాంసాగర్ కాలువ నీళ్ళు వచ్చిన కొత్త. నీళ్ళు రావడంతో ఇంట్లో మనుషులూ పనులూ పెరిగాయి. బాపుకు, అంటే ఊరి పటేలైన మా నాన్నకు, అన్నిటికీ తీరిక ఉండేది కాదు గాని, అక్క విషయంలో మాత్రం ఆయన తిరగని చోటు లేదు. దర్గాలో తాయెత్తు కట్టించాడు. హకీము దగ్గర నల్లటి లేహ్యం తెచ్చాడు. డోంగ్లి దిక్కు నుంచి వచ్చిన ఒక మరాఠీ వైద్యుడు అక్క కణత మీద ఇనుపకడ్డీతో సురుకు పెట్టాడు. అక్క పెద్దమనిషి అయిన ఏడాదే మూర్ఛ మొదలైంది. మూడేళ్ళ నుంచి ఇదే వరస. పదహారేళ్ళు నిండినా అక్కను అడగడానికి ఒక్క ఇంటివాళ్ళు రాలేదు. అక్క దాని గురించి ఎప్పుడూ మాట్లాడేది కాదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, వచ్చినవాళ్ళందరి నడకలు అనుకరించి చూపించి నన్ను నవ్వించేది.

మూర్ఛ అమావాస్యకు వస్తుందని బాపు తేల్చాడు. ఆయన తేల్చాక ఇంట్లో అది శాసనం. అమావాస్య దగ్గర పడుతుంటే అక్కను పొయ్యి దగ్గరికి, బావి దగ్గరికి, కాలువ దగ్గరికి పోనిచ్చేవాళ్ళు కాదు. మిగతా రోజుల్లో ఎవరికీ ఫికరు ఉండేది కాదు. మూర్ఛ మాత్రం బాపు మాట వినేది కాదు. ఒక నెల అష్టమికి వచ్చేది, ఇంకో నెల పున్నమి దాటాక వచ్చేది. అప్పుడు బాపు, "గీసారి అమాస గాలి ముందుగాలనే తగిలింది" అనేవాడు. ఎప్పుడో ఒకసారి నిజంగా అమావాస్యకే వస్తే చాలు, మిగతా నెలలన్నీ మరిచిపోయి, చెప్పానా అన్నట్టు మా అందరి వైపూ చూసేవాడు.

అక్కకు మాత్రం ఒక గుర్తు తెలిసేది. పడిపోయే ముందు ఆమె ముక్కుకు బెల్లం మాడిన వాసన వచ్చేది. తల పైకెత్తి, "చెల్లే, బెల్లం మాడుతుందానే?" అని అడిగేది. ఆ మాట అన్న తర్వాత అంకెలు పది లెక్కపెట్టేంత వ్యవధి కూడా ఉండేది కాదు. ఎండాకాలంలో అయితే మాకు వెంటనే తెలిసిపోయేది. కానీ చెరుకు గానుగలు ఆడే కాలంలో ఊరంతా బెల్లం వాసనే. అక్క ఆ మాట అడిగినప్పుడల్లా నేను తల పైకెత్తి నా ముక్కుతో వెతికేదాన్ని. నిజం వాసనా, అక్క తలలో పుట్టిన వాసనా? గానుగ కాలం పోయేదాకా నాకు కంటినిండా నిద్ర ఉండేది కాదు. ఇప్పటికీ నేను బెల్లం వండే చోట నిలబడలేను.

అసలు సంగతి నాకు చెప్పింది చాకలవ్వ. మా ఇంటి బట్టలు ఉతికే ముసలామె. ఇంట్లోని మైల బట్టలు ఆమె చేతికే పోయేవి. తాళంచెవుల గుత్తి విసిరిన రెండో రోజు, పాక దగ్గర అక్క బట్టల మూట తీసుకుంటూ నన్ను దగ్గరికి పిలిచింది.

"మీ బాపు అమాస అమాస అంటడు. అమాస కాదు బిడ్డా. మీ అక్క బట్టలు ఎప్పుడు నా మూటల పడుతయో, గా రోజో, గా ముందటి రోజో పిల్ల పడిపోతది. మూడేండ్ల సంది చూస్తున్న."

"మరి బాపుకు ఎందుకు చెప్పలే?" అన్నాను.

చాకలవ్వ నా వైపు అదోలా చూసింది. "పటేలుకు నేను పోయి ఆడోళ్ళ బట్టల ముచ్చట చెప్పాల్నా? నా పెయ్యి మీద తోలు ఉంటదా?" అంది.

ఆ వయసులో నాకు ఆ మాట పూర్తిగా అర్థం కాలేదు. భయస్తురాలు అనుకున్నాను. ఆమె మా ఇంట్లో ఎప్పుడైనా గడప దాటి లోపలికి వచ్చిందా, ఎప్పుడైనా కూర్చుందా అని ఆలోచించడానికి నాకు ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఆమె చెప్పింది నిజమని ఎంతో కాలం తర్వాత ఒక డాక్టరమ్మ కాగితం మీద గీతలు గీసి నాకు చూపించింది. ఆడవాళ్ళ అండాశయాల నుంచి రెండు రకాల హార్మోన్లు రక్తంలోకి వచ్చి మెదడు దాకా పోతాయట. ఈస్ట్రోజెన్ అనేది మెదడును ఉసిగొల్పుతుంది. ప్రొజెస్టిరోన్ అనేది జోకొడుతుంది. నెలసరి వచ్చే ముందు ఆ జోకొట్టేది ఉన్నట్టుండి పడిపోతుంది. మామూలు మనిషికి కొంచెం చిరాకో, తలనొప్పో వచ్చి పోతుంది. మూర్ఛ గుణం ఉన్న మెదడైతే, కొందరికి, సరిగ్గా ఆ రెండు మూడు రోజుల్లోనే తిరగబడుతుంది. చంద్రుడికీ దీనికీ ఏ సంబంధమూ లేదంది. నేను నవ్వాను. ఎందుకు నవ్వుతున్నారని అడిగితే, మా చాకలవ్వ మీకంటే ముందే చెప్పిందమ్మా అన్నాను.

కానీ ఆ రోజు చాకలవ్వ మాట వినగానే నాకు నవ్వు రాలేదు. అక్కకు మూర్ఛ ఎక్కువగా వచ్చే రోజుల్లోనే అక్కను ఎవరూ ముట్టరాదు. నెలంతా పదిమంది మధ్య తిరిగే పిల్లను వెతికి వెతికి ఆ రోజుల్లోనే ఒంటరిగా కూర్చోబెడుతున్నాం. పక్కనే కుడితి గోలెం. మొహం అందులో పడితే తీసేవాళ్ళు లేరు. అక్క ఏదో ఒక నెల ఆ పాక దగ్గరే చచ్చిపోతుంది, అమ్మ నాలుగడుగుల దూరంలో నిలబడి చూస్తుంది. ఈ ఆలోచన నన్ను పట్టుకుని వదల్లేదు.

మైల మనిషిని ఇంకో మైల మనిషి ముట్టుకోవచ్చు. అది నాకు తెలుసు. పెద్దమ్మ వచ్చినప్పుడు ఆమె, అమ్మ ఇద్దరూ ఒకేసారి బయట ఉండి పాకలో తలలు దువ్వుకోవడం చూశాను. నేనింకా పెద్దమనిషి కాలేదు. కాలేదంటే ఏమిటి, అయ్యానని చెప్తే సరిపోతుంది కదా అనిపించింది. తర్వాతి నెల అక్క పాకలోకి వెళ్ళిన పొద్దున్నే, గోడకు పూసే సున్నం ఇంత తీసి పసుపులో కలిపాను. పారాణిలా ఎర్రగా వచ్చింది. లంగాకు పూసుకుని అమ్మ దగ్గరికి పోయి తల వంచుకుని నిలబడ్డాను. వణికాను కూడా. ఆ వణుకు నటన కాదు.

అమ్మ ముందు బిత్తరపోయి, తర్వాత మురిసిపోయి, తర్వాత ఏడ్చింది. ఊరంతా పేరంటం పిలిచారు. నువ్వులు, బెల్లం, కొబ్బరి దంచి తినిపించారు. వేరే చోటు లేదు కాబట్టి నన్ను కూడా అక్క ఉన్న పాకలోనే కూర్చోబెట్టారు. నేను కోరుకున్నదీ అదే. మరునాడు పొద్దెక్కాక అక్క తల పైకెత్తి, "చెల్లే, బెల్లం..." అంది. నేను దూకి పట్టుకున్నాను. ఒక పక్కకు ఒత్తిగిలించి తలను ఒళ్ళో పెట్టుకున్నాను. నోట్లోంచి నురగ నా కొత్త చీర మీద పడింది. ఆమె ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతున్నా నేను చెయ్యి మాత్రం వదల్లేదు. అది ఆగిపోయి, కళ్ళు తెరిచి, ఎవరి ఒళ్ళో ఉందో తెలిశాక అక్క ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. మూర్ఛ వచ్చిందని ఆమె ఎన్నడూ ఏడవలేదు.

నా లంగా చాకలవ్వ మూటలోకే పోయింది. నాలుగో రోజు ఆమె పాక ముందు వంగి, మెల్లగా అంది.

"నలభై ఏండ్ల సంది ఉతుకుతున్న బిడ్డా. పసుపు సున్నం నాకు తెల్వదా? నీళ్ళల ముంచంగనే పసుపు రంగు తేలె."

అమ్మ వింటుందేమోనని ఇంటి వైపు చూశాను.

"మీ అక్క కోసమేనా?"

తల ఊపాను.

"అయితే ఇగ నోరు మూసుకో. నేను గూడ మూసుకుంట. మీ అక్కకు ఎప్పుడు అయితదో రెండు రోజుల ముందుగాల్నే నీకు చెప్త. నెల నెల గప్పుడే నువ్వు గూడ కూసో. తప్పితే నీకంటే ముందు నేను సస్త."

ఆమె తప్పలేదు. కొంగు మూలకు దారం ముడులు వేసి లెక్క పెట్టుకునేది. నేను నెల నెలా అక్కతో పాటు పాకలో కూర్చున్నాను. అక్కచెల్లెళ్ళకు ఒకేసారి వస్తోందని అమ్మ పెద్దమ్మతో చెప్పుకుని ఆశ్చర్యపోయేది. కొన్ని నెలలు మూర్ఛ రెండుసార్లు వచ్చేది, ఒక నెల అసలు రాలేదు. రాని నెల ఇంకా భయం. ఇప్పుడొస్తుందా, ఇప్పుడొస్తుందా అని అక్క ముక్కు వైపే చూస్తూ కూర్చునేదాన్ని. "నా మొకం మీద బొమ్మలాట గిట్ల నడుస్తుందానే?" అని అక్క ఎగతాళి చేసేది.

ఆరో నెల నాకు నిజంగానే వచ్చింది. అక్క రోజులకు రెండు వారాలు ఎడంగా. ఇప్పుడు చెప్తే, అక్క రోజుల్లో నేను కూర్చోవడానికి సాకు ఉండదు. చెప్పకపోతే, మైలతో దేవుని గదిలో తిరగాలి. చెప్పలేదు. పొద్దున్నే అమ్మ దీపంలో నూనె పొయ్యమంటే పోశాను. మామిడికాయ తొక్కు జాడీలో చెయ్యి పెట్టి తీసుకురమ్మంటే తెచ్చాను. మైల చెయ్యి పడితే తొక్కు బూజు పడుతుందనీ, ఇంటి మగవాళ్ళకు కీడనీ చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. వారం రోజులు బాపు తుమ్మినా ఉలిక్కిపడ్డాను. బాపుకు ఏమీ కాలేదు. జాడీ దగ్గరికి రోజూ పోయి చూశాను. తొక్కు ఎర్రగా, ఘుమఘుమలాడుతూ అలాగే ఉంది. నాకు ధైర్యం రావాల్సింది పోయి కోపం వచ్చింది.

కానీ అబద్ధం ఊరికే పోదని నాకు తెలియదు. పెద్దమనిషి అయిన పిల్ల ఇంట్లో ఉందని ఊరంతా ఎరుగును కదా. ఏడాది తిరిగేసరికి రుద్రూర్ నుంచి సంబంధం వచ్చింది. అక్క మాట ఎత్తకుండా నన్ను అడిగారు, బాపు ఒప్పుకున్నాడు. అక్క పక్కన ఉండటానికి ఆడిన అబద్ధమే నన్ను అక్క పక్క నుంచి లేపి తీసుకుపోతోంది. తప్పు నాదే, ఎవరి మీద అరవను? ముహూర్తం వైశాఖంలో పెట్టారు. చాకలవ్వ కొంగు ముడులు లెక్కపెట్టి, నా మొహం చూడలేక నేల చూస్తూ చెప్పింది.

"గా పెండ్లి రోజే మీ అక్కకు అయితది బిడ్డా."

ముహూర్తం మార్చమని బాపు కాళ్ళు పట్టుకున్నాను. ఎందుకంటే చెప్పలేను. పెళ్ళి పిల్ల మారాం అనుకున్నారు. పెళ్ళికి ముందు రోజు, అమ్మ వెనక గదిలో ఒక్కతే పసుపు కొమ్ములు చేటలో పోస్తుంటే పోయి తలుపు దగ్గరికి వేసి అంతా చెప్పేశాను. చాకలవ్వ పేరు మాత్రం తేలేదు. ఆమెను కూడా నేనే మోసం చేశానని ఇంకో అబద్ధం చెప్పాను.

అమ్మ చెంప ఛెళ్ళుమనిపించింది.

"ఊరోళ్ళందరిని పిలిస్తిని. అందరు ఒచ్చి హారతి ఇచ్చిరి. గింత పని జేస్తవానే? నీకు భయం లేదా?"

"భయం అయ్యే చేసిన. అక్కను ఎవరు పట్టుకుంటరే? నువ్వు తాళంశెవులు ఇసిరితివి."

నేను ఇంక ఆగలేకపోయాను.

"నాకు నిజంగ అయిన రోజు నేను దేవునికి దీపం పెట్టిన. తొక్కు జాడీల చెయ్యి పెట్టిన. నువ్వు తిన్నవ్, బాపు తిన్నడు. ఏం అయింది చెప్పు? రేపు అక్క బయట కూసుంటది. బెల్లం వాసన అంటది. అంటే ఉరుకమ్మా. ఒక పక్కకు తిప్పి పండుకోబెట్టు. గంతే."

అమ్మ లేచి, మూల ఉన్న తొక్కు జాడీ దగ్గరికి పోయింది. గుడ్డ విప్పి, మూత తీసి, వంగి వాసన చూసింది. చాలాసేపు అలాగే వంగి ఉంది. తర్వాత మూత పెట్టి, గుడ్డ మళ్ళీ గట్టిగా కట్టి, నా వైపు చూడకుండా బయటికి వెళ్ళిపోయింది.

మరునాడు పొద్దున అక్క పాకలోకి పోయింది. చాకలవ్వ లెక్క తప్పలేదు. నన్ను పెరటి గుమ్మానికి ఎదురుగా పీట మీద కూర్చోబెట్టి నలుగు పెడుతున్నారు. చుట్టూ ముత్తైదువలు, పాటలు. నా రెండు చేతులకూ నూనె, పసుపు. నా చెవులు మాత్రం పాక దగ్గరే ఉన్నాయి. పాట ఆగితే భయం, ఆగకపోతే అక్క గొంతు వినపడదేమోనని భయం.

వినపడింది.

"చెల్లే, బెల్లం మాడుతుందానే?"

వైశాఖంలో ఏ గానుగ ఆడుతుంది? నేను లేవబోయాను. పెద్దమ్మ రెండు భుజాలు పట్టి అదిమింది. "పీట మీద పిల్ల లేవద్దు. ఏందే గీ లొల్లి?" అంది. గింజుకున్నాను, నూనె చేతులతో ఎవరినో తోశాను. అంతలో అమ్మ నన్ను దాటుకుని పోవడం కనిపించింది. చెయ్యి అప్పుడే బొడ్లోని గుత్తి మీదికి పోయింది.

గుమ్మంలోంచి నాకు అంతా కనిపిస్తోంది. అక్క పడిపోయి ఉంది, మడమలు నేలను కొడుతున్నాయి. అమ్మ పరుగెత్తింది. ఆ నాలుగడుగుల దూరం రాగానే ఎప్పటిలా ఆగిపోయింది. గుత్తి చేతిలోకి తీసుకుంది. ఇంక అయిపోయింది, మళ్ళీ విసురుతుంది అనుకున్నాను.

గుత్తి అమ్మ చేతిలోంచి అక్కడే నేల మీద పడింది. పడేసిందో, జారిందో నాకు తెలియదు, ఎన్నడూ అడగలేదు. అమ్మ ఆ నాలుగడుగులూ నడిచి, మట్టిలో చతికిలబడి, అక్కను ఒక పక్కకు తిప్పి తల ఒళ్ళోకి తీసుకుంది. పట్టుచీర కొంగుతో నోటి నురగ తుడిచింది. పాటలు ఆగిపోయాయి. ఎవరో, "అయ్యో, పెండ్లింట్ల మైల" అన్నారు. అమ్మ తల ఎత్తలేదు. అక్క కదలికలు ఆగి, కళ్ళు తెరిచేదాకా అలాగే ఊగుతూ కూర్చుంది.

తర్వాత అక్కను పాకలో పడుకోబెట్టి నేరుగా నా పీట దగ్గరికి వచ్చింది.

"ముందుగాల తానం జెయ్యి. గట్లనే ఎట్ల ముడుతవ్?" అంది పెద్దమ్మ.

"మూర్తం దాటుతుంది" అంది అమ్మ. గిన్నెలోని పసుపులో చెయ్యి ముంచి, ముందు రోజు తను కొట్టిన చెంపకే మొదట పూసింది. ఆ అరచేతికి పాక మట్టి, అక్క తల నూనె వాసన ఇంకా ఉన్నాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ రెండో చెంపకు కూడా పూసి, పసుపు గిన్నె పెద్దమ్మ చేతికి ఇచ్చింది.

"ఇగ మీరు పుయ్యుండ్రి" అంది.